అద్దెకు తెచ్చుకున్న అమ్మ బొమ్మ

అనగనగా ఒక అడవిలో, ఏ అడవి అని అడక్కండి, మా అమ్మమ్మ నాకూ చెప్పలేదు, ఒక ముసలి వడ్రంగిపిట్ట ఉండేది. అందరూ ఆమెను ఉలిముక్కవ్వ అని పిలిచేవాళ్లు. గాలివానకి పడిపోయిన చెట్ల మొద్దుల్ని ముక్కుతో టకటకా చెక్కి బొమ్మలు చేసేది. అబ్బ, ఏం పనితనం! లేడిని చెక్కితే, ఇప్పుడే చెవి కదిపిందేమో అనిపించేది. పైగా ఒక బొమ్మలాంటిది ఇంకొకటి చెక్కేది కాదు. ఎవరెంత బతిమాలినా సరే.

అదే అడవిలో గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. వాడి పసితనంలోనే వాళ్లమ్మ వాగు వరదలో కొట్టుకుపోయింది. పాపం, అప్పటినుంచీ ఒంటరివాడే.

ఒకరోజు వాడు అవ్వ చెట్టు కింద ఒక బొమ్మను చూసి నిలబడిపోయాడు. అది ఒక ఆడ ఎలుగు బొమ్మ. కొంచెం తల వంచి, “ఏరా, తిన్నావా?” అని అడుగుతున్నట్టుంది.

“అవ్వా! అచ్చం మా అమ్మే! ఇది నాకు అమ్ముతావా?” అన్నాడు గుబురయ్య.

“నేను ముందే అమ్మను నాయనా. మొదట అద్దెకిస్తాను,” అంది అవ్వ. “చూడగానే ముచ్చటేసిన బొమ్మ నాలుగు రోజులకే మొహం మొత్తొచ్చు. కలిసి ఉంటేనే తెలుస్తుంది. మూడు కాలాలు ఇంట్లో పెట్టుకో. కాలానికొక సొరకాయ బుర్ర నిండా తేనె అద్దె. నచ్చకపోతే తెచ్చిచ్చెయ్, నేనేమీ అనుకోను. నచ్చితే నాలుగో బుర్ర ఇచ్చి సొంతం చేసుకో. ఇచ్చిన అద్దె ధరలోనే కలుస్తుంది. కానీ నీ దగ్గర ఉండగా పాడైందా, బొమ్మా నాదే, అద్దే నాదే!”

గుబురయ్య సరేనని బొమ్మను గుహకి మోసుకెళ్లాడు.

వానాకాలం పోయింది. ఒక బుర్ర ఇచ్చాడు. చలికాలం పోయింది. రెండో బుర్ర ఇచ్చాడు. ఎండాకాలం పోయింది. మూడో బుర్ర కూడా ఇచ్చాడు. ఇంట్లో మాత్రం వాడో పిచ్చిపని చేసేవాడు. రోజూ బొమ్మ మూతికి ఇంత తేనె రాసి, “తినమ్మా” అనేవాడు. చీమలు పడతాయని మళ్లీ నీళ్లతో కడిగేవాడు. ఎవరైనా చెక్క బొమ్మకి రోజూ స్నానం చేయిస్తారా? ప్రేమ ఎక్కువైతే బుర్ర పనిచెయ్యదు మరి!

నాలుగో బుర్ర తేనె నిండిన రోజు, బొమ్మని తుడుద్దామని గోడ వైపు నుంచి ఇటు తిప్పాడు. తడి ఆరని వీపంతా చెదలు పట్టి ఉంది.

అటుగా పోతున్న నక్క తొంగి చూసింది. “ఓస్, ఇంతేనా! ఇప్పుడే నాలుగో బుర్ర ఇచ్చేసి రా బావా. బొమ్మ నీదైపోతుంది. తర్వాత చెదల సంగతి ఎవరడుగుతారు?” అంది.

గుబురయ్యకి ఆశ పుట్టింది. ఎందుకు పుట్టదు? నిజం చెబితే మూడు బుర్రల తేనె పోతుంది. అమ్మ కూడా పోతుంది. బుర్ర పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. ఒకసారి వెనక్కి చూశాడు. అమ్మ తల వంచి వాడినే చూస్తోంది.

“నా వల్ల కాదు బావా. ఈ మొహం ముందు అబద్ధం ఎలా ఆడను?” అన్నాడు. బొమ్మను వీపు మీదకెత్తుకుని అవ్వ దగ్గరకి నడిచాడు.

“అవ్వా, బొమ్మను నేనే పాడుచేశాను. కడిగి కడిగి చెదలు పట్టించాను. నీ బొమ్మ నువ్వు తీసుకో,” అని ఏడ్చేశాడు.

అవ్వ తిట్టలేదు. ముక్కుతో బొమ్మ మీద ఒకసారి తట్టి, చెవి పెట్టి విన్నది. మళ్లీ తట్టింది. ఎక్కడెక్కడ పురుగుందో ఆ చప్పుడుతోనే కనిపెట్టి, ఒక్కొక్కదాన్నే లాగి తినేసింది. వడ్రంగిపిట్టకి చెదలంటే పండగే కదా!

“ఇంకో రెండు రోజులు దాచి ఉంటే లోపల పిండే మిగిలేదిరా,” అంది. “కానీ కట్టుబాటు కట్టుబాటే. పాడైన బొమ్మ నాది. వారం తర్వాత ఒకసారి కనబడు.”

గుబురయ్య తల ఊపి, వట్టి చేతులతో ఇంటికెళ్లాడు. ఆ వారం వాడికి తేనె కూడా సహించలేదు.

వారం తర్వాత, ముట్టని ఆ నాలుగో బుర్రను పట్టుకుని వచ్చి చూశాడు. అదే అమ్మ, అదే చూపు. కానీ చెదలు తిన్న వీపు ఇప్పుడు గుంటలుగా లేదు. అవ్వ ఆ గుంటల చుట్టూ చెక్కుకుంటూ పోయి, మిగిలిన చెక్కలోంచి ఒక బుల్లి ఎలుగుపిల్లను బయటికి తీసింది. ఆ పిల్ల అమ్మ వీపుని రెండు చేతులా కరుచుకుని పడుకుంది.

గుబురయ్య నాలుగో బుర్రను అవ్వ ముందు పెట్టి, “అవ్వా, దీన్ని మొదటి అద్దె అనుకో. మళ్లీ మూడు కాలాలూ కడతాను,” అన్నాడు.

“అద్దేమిట్రా వెర్రి నాయనా?” అంది అవ్వ. “ఆ వీపు మీదున్నది ఎవరనుకున్నావు? నిన్ను నీకే అద్దెకిస్తానా? పాత మూడు బుర్రలకీ ఇది కలిసి ధర తీరిపోయింది. తీసుకుపో. ఈసారి మాత్రం తేనె నువ్వు తిను. అమ్మకి పెట్టకు!”

నీతి: దాచిన తప్పు లోపలి నుంచి తినేస్తుంది, చెప్పుకున్న తప్పుకి బాగుచేసేవాళ్లు దొరుకుతారు.