పోలయ్య చింతగింజ

అనగా అనగా, మన తాతల తాతలకు పాలపళ్ళయినా రాని రోజుల్లో, వంకగడ్డ అని ఒక ఊరుండేది. ఆ ఊరి పొలాలకు పక్కన పారే వంకలోంచి తవ్వుకున్న కాలువ ఒక్కటే దిక్కు. ఏ మడికి ఏ పూట నీళ్ళు వదలాలో చెప్పడానికి ఒక నీరుగంటి. రాజు మాట ఏడాదికోసారి కూడా ఆ ఊరు చేరేది కాదు, నీరుగంటి మాట పూటపూటకూ చేరేది. అందుకే నీరుగంటిని ఊరే ఎంచుకునేది.

ఎండాకాలం చివర ఊరంతా కలిసి కాలువలో పూడిక తీసేవారు. పని ముగిసిన నాడు ఆడా మగా అందరికీ తలా ఒక చింతగింజ ఇచ్చేవారు. తలారి ఎంకన్న పేరు పెట్టి పిలిస్తే ఒక్కొక్కరే తడిక చాటుకు వెళ్ళి, తమకు నచ్చిన మనిషి కుండలో గింజ వేసి వచ్చేవారు. ఎవరి కుండ నిండితే ఆ ఏటికి వారే నీరుగంటి.

ఒక్క పోలయ్యకే గింజ లేదు. అతని పేరే పిలవరు.

పోలయ్యది కాలువ చిట్టచివరి మడి. ఒక కరువు ఏడు, వరి కళ్ళముందే ఎండిపోతుంటే ఓర్చుకోలేక, గట్టు తెంచి నీళ్ళు మళ్ళించుకున్నాడు. తప్పే. తప్పు కాదని అతనూ అనలేదు. కోటలో మూడేళ్ళు కాళ్ళకు సంకెళ్ళతో రాళ్ళు కొట్టి వచ్చాడు. వచ్చాక పూడిక తీయడానికి అందరికంటే ముందు పార పట్టుకుని దిగేవాడు. మట్టి మొయ్యడానికి పనికొచ్చాడు గాని గింజ వెయ్యడానికి పనికిరాలేదు. సంకెల పడిన కాలు కుండ దగ్గరికి రాకూడదని ఊరి కట్టుబాటు మరి.

గింజ లేనివాడి మొహం ఎవరు చూస్తారు? ఎంపిక దగ్గరపడితే ఇంటింటికీ తిరిగి అక్కా, మామా అని వరసలు కలిపే నీరుగంటి, పోలయ్య గుమ్మం మాత్రం తొక్కేవాడు కాదు. అందరి మళ్ళూ తడిశాక మిగిలితే పోలయ్యకు నీళ్ళు. పంట పోయినందుకు పోలయ్య అంత బాధపడలేదు. తన పేరు ఎవరి నోటా రాకపోవడమే అతని గుండెను కోసేది.

మొదటి ఏడు గింజలు పంచేచోట పోలయ్య ఊరిపెద్ద వీరభద్రయ్య ముందు నిలబడ్డాడు.

"నా శిక్ష తీరిపాయె గదయ్యా. ఇంకెన్నాళ్ళు?"

కట్టుబాటు తాతలు పెట్టింది, తాను పెట్టింది కాదన్నాడు వీరభద్రయ్య. పోలయ్య పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

రెండో ఏడూ నిలబడ్డాడు.

"నా శిక్ష తీరిపాయె గదయ్యా. ఇంకెన్నాళ్ళు?"

దొంగకు గింజ ఇస్తే రేపు ఊళ్ళో భయమెవరికి ఉంటుందన్నాడు పెద్దాయన. పోలయ్య పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మూడో ఏడు కూడా వచ్చి అదే మాట అడిగాడు. వీరభద్రయ్య నోరు తెరిచేలోపు మంత్రసాని నాగులమ్మ ముందుకొచ్చింది. ఊళ్ళో సగం మందిని భూమ్మీద పడేసిన చెయ్యి ఆమెది. తన గింజ తెచ్చి పెద్దాయన ముందు పెట్టింది.

"ఆ కరువులో నేనూ గట్టు తెంచినా. ఈయప్ప దొరికినాడు, నేను దొరకలేదు. అంతే తేడా. ఈయప్పకు లేని గింజ నాకెందుకు?"

కుమ్మరి చెంచయ్య కూడా తలొంచుకుని తన గింజ తెచ్చి పెట్టాడు. మూడోవాడు ఎవరా అని చూస్తే తలారి ఎంకన్న.

"పోలయ్యను పట్టిచ్చింది నేనే. పట్టిచ్చి వచ్చి, అదే గండిలోంచి నా మడికి నీళ్ళు పెట్టుకున్నా."

ఇంకేముంది, ఒకరి వెనక ఒకరు కదిలారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గింజలన్నీ పెద్దాయన ముందు కుప్పపడ్డాయి, కుండలు ఖాళీగా ఉన్నాయి. కుండలు నిండకపోతే నీరుగంటి లేడు. నీరుగంటి లేకపోతే నీళ్ళు లేవు. అవతల నారుమళ్ళు ఎదురుచూస్తున్నాయి.

వీరభద్రయ్య తన చేతిలోని గింజను చాలాసేపు చూసుకున్నాడు. కరువు ఏడు తానేం చేశాడో చెప్పలేదు. ఎవరూ అడగలేదు. లేచి వెళ్ళి ఆ గింజను పోలయ్య అరచేతిలో పెట్టాడు. ఎవరి గింజలు వాళ్ళను తీసుకొమ్మన్నాడు. ఆ ఏడు తాను మాత్రం గింజ వెయ్యలేదు.

ఎంకన్న "పోలయ్యా" అని పిలిచాడు. పోలయ్య కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. కదల్లేదు. పిలిచేది తన్నేనని నమ్మకం కలగలేదు పాపం. మూడోసారికి "వచ్చినా" అని తడిక చాటుకు వెళ్ళాడు. ఏ కుండలో వేశాడో ఎవరికీ తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. బయటికొచ్చి గట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

మరుసటి ఏడు నీరుగంటి అతని గుమ్మంలోకీ వచ్చి మామా అని పలకరించాడు. పోలయ్య బతికినన్నాళ్ళూ ఎంకన్న మొదట అతన్నే పిలిచేవాడు.

పోలయ్య చనిపోయిన ఏడు కూడా ఎంకన్న అలవాటుకొద్దీ ముందు "పోలయ్యా" అని పిలిచి నాలిక కరుచుకున్నాడు. గట్టు అవతల ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కోటలో శిక్ష తీరి వారం కిందటే ఊరు చేరింది. రావచ్చో రాకూడదో తెలియక అంత దూరాన ఆగిపోయింది.

"ఆయప్ప రాలేడు గదా," అంది మెల్లగా. "నేను వచ్చినా."

ఎంకన్న ఆమె చేతిలో గింజ పెట్టాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

వంకగడ్డలో ఈనాటికీ ఎంపిక రోజున తలారి ముందుగా "పోలయ్య వచ్చినాడా?" అని అడుగుతాడు. శిక్ష తీరి ఊరు చేరినవారు ఉంటే "వచ్చినా" అని ముందుకొచ్చి తొలి గింజ వేస్తారు. ఎవరూ లేని ఏడు ఊరంతా ఒక్క గొంతుతో "వచ్చినాడు" అంటుంది. ఆ మాట వినబడ్డాకే రెండో పేరు పిలుస్తారు.