నల్లమబ్బుకు చెప్పని మాట

అనగా అనగా ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున చిత్రబాహుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు నిద్రపోతున్నాడు, లేపొద్దు. రెండోవాడు అద్దం ముందు మీసం దిద్దుకుంటున్నాడు, పిలవొద్దు. మూడోవాడు కువలయుడు. ఈ కథలో తిప్పలన్నీ అతనివే.

కువలయుడికో ఆడగుర్రం ఉండేది. దాని పేరు నల్లమబ్బు. పేరు పెట్టిననాడు నల్లగానే ఉండేది. ఇప్పుడు మూతి దగ్గరా, కళ్ళ చుట్టూ తెల్లబడింది. అది మాట్లాడుతుంది. ఆ రోజుల్లో గుర్రాలన్నీ మాట్లాడేవి. వినేవాళ్ళే తక్కువ.

ఆ రాజ్యంలో ఏటా నూరామడల పరుగు జరిగేది. ముందు ఇసుక, తరవాత రాళ్ళు, చివర ఏరు. అందరికంటే ముందు వచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు. గుర్రం వచ్చి నిలబడగానే ముసలి అశ్వవైద్యుడు రేచన్న తాంబూలం నోట్లో వేసుకుని, దాని ఛాతీకి చెవి ఆనించేవాడు. ఆయన నమలడం పూర్తయ్యేలోగా గుండె నెమ్మదించాలి. అప్పుడే గెలుపు. నల్లమబ్బు దగ్గర ఆయనకు ఏనాడూ నోరు పండేదాకా నమిలే పని పడలేదు.

ఆ ఏడు మాత్రం రేచన్న నమిలాడు, నమిలాడు, నమిలాడు. ఆకు అయిపోయింది, వక్క అయిపోయింది, ఉత్త దవడలు ఆడిస్తున్నాడు. చివరికి "గెలిచింది!" అని అరిచాడు. తరవాత కువలయుణ్ణి పక్కకు పిలిచాడు.

"పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అబద్ధమాడాను బాబూ. ఇంకోసారి దీన్ని ఇంత దూరం పరిగెత్తించావంటే, ఏటి నుంచి జీను ఒక్కటే ఇంటికి తెచ్చుకుంటావు."

నల్లమబ్బుకు పరుగు మానిపించాలని కువలయుడు అక్కడికక్కడే నిర్ణయించుకున్నాడు.

నిర్ణయించుకోవడం ఎంతసేపు? తంటా అంతా ఒక్క మాట దగ్గర వచ్చింది. నల్లమబ్బు పిల్లగా ఉన్నప్పుడే అతను దాని చెవిలో "పద" అనేవాడు, అది పరుగందుకునేది. అలవాటు ఎంత ముదిరిందంటే, ఆ మాట ఎవరి నోట వచ్చినా పరుగే. మరి లోకంలో "పద" అననివాళ్ళెవరు? పూజారి "పదండి, ప్రసాదం పెడతాను" అన్నాడు. నల్లమబ్బు గోడ దూకింది. వంటవాడు "పదహారు గారెలు" అన్నాడు. తలుపు విరిగింది. మంత్రి "నా పదవికి మర్యాద లేదా" అని అరిచాడు. ఆయన మొక్కజొన్న చేను పోయింది.

విసిగిపోయిన రాజు ఆ మాటను రాజ్యంలో నిషేధించాడు. దాంతో పదహారు కాస్తా "పదిహేను పక్కింటిది" అయింది. పెళ్ళివారు విడిది నుంచి కదలాలంటే ఒకరి వీపు ఒకరు తోసుకోవాల్సి వచ్చింది.

"ఆగవే తల్లీ, నీకో దండం" అన్నాడు కువలయుడు.

"ఆగాను. ఎంతసేపు ఆగమంటావు?" అంది నల్లమబ్బు.

"ఇక పరిగెత్తొద్దు."

"ఏం, నేనంత పనికిరాకుండా పోయానా?"

"అది కాదే. విశ్రాంతి తీసుకో."

"తీసుకున్నాను. అయిపోయింది."

ఇలా ఉండగా ఎక్కడి నుంచో ఒక రామచిలుక వచ్చి గుర్రపుసాల చూరు మీద వాలింది. అచ్చం కువలయుడి గొంతుతో "పద! పద! పద!" అంది. నల్లమబ్బు పలుపు తెంపుకుంది. మర్నాడూ అంతే. మూడోనాడు ఏటి గట్టు మీద మోకాళ్ళ మీద కూలబడింది. ముక్కుల్లోంచి నురగ. కువలయుడు దాని తల ఒడిలో పెట్టుకుని ఊపిరి తేలికయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.

పని కానిచ్చుకుని సముద్రం వైపు ఎగిరిపోయిన ఆ చిలుక ఎవరిదో రేచన్నకు తెలుసు. ఏడు సముద్రాల అవతల ధూమకేతనుడనే మాంత్రికుడున్నాడు. నూరామడల పరుగులో ఏటేటా నల్లమబ్బు చేతిలో ఓడిపోయేవాడు అతనే. దాన్ని గెలవలేక, పరిగెత్తించి చంపాలని చూస్తున్నాడు.

"నేనే వెళ్ళి ఆ చిలుక సంగతి తేలుస్తాను. దీనికి మాత్రం తెలియనీయొద్దు" అన్నాడు కువలయుడు.

తెల్లారగానే పిల్లిలా నడిచి రేవుకు వెళ్ళాడు. పడవ ఎక్కాడు. పడవవాడు గడ తీసి ఒడ్డును తన్ని, నిషేధం సంగతి మరిచి, కులాసాగా, "ఇక పద!" అన్నాడు.

కువలయుడు నెత్తి పట్టుకున్నాడు. వెనక డెక్కల చప్పుడు. నల్లమబ్బు గాలిలోకి లేచి పడవలో దిగింది. పడవ ఒక పక్కకు ఒరిగింది.

"నన్ను వదిలేసి వెళదామనే?" అంది.

అలా ఏడు సముద్రాలు దాటారు. ఉప్పు సముద్రం దగ్గర గడ్డి అయిపోయింది. పాల సముద్రం దగ్గర అది పడవ తాడు నమిలేసింది. నేతి సముద్రం దగ్గర తెరచాప రుచి చూసింది. మిగతా నాలుగింటి ఊసు ఎత్తితే పడవవాడికి ఇప్పటికీ ఏడుపొస్తుంది.

అవతలి దీవిలో మాంత్రికుడి కోట ఉంది. గుమ్మంలో ఒక అమ్మాయి చిలుకకు జామపండు తినిపిస్తోంది. ఆమె మాణిక్యవల్లి, మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమార్తె. కువలయుడు కత్తి దూసి చిలుక మీదికి వెళ్ళాడు.

"దాని మెడ మీద చెయ్యి వేశావంటే ముందు నీ మెడ చూసుకో" అంది ఆమె. "దాన్ని పెంచింది నేను. మాంత్రికుడి ప్రాణం దానిలో ఉంది, నిజమే. ఆ పాపం దానిదా? అది ఏ మాట అంటే అతని మనసులో అదే పడుతుంది. అతనేమో దానికి ఒక్క మాటే నేర్పాడు. పొద్దున్నే పద, మధ్యాహ్నం పద, ముద్ద నోట్లో పెట్టుకుంటే పద! అతనికీ కూర్చునే యోగం లేదు, నాకూ లేదు. చెవులు చిల్లులు పడుతున్నాయి."

అంతలో మాంత్రికుడు వచ్చాడు. వచ్చాడన్నమాటే గాని నిలబడలేదు, చుట్టూ తిరుగుతూనే మాట్లాడాడు.

"చిలుక కావాలా? నీ గుర్రం మూడు పరుగులు పూర్తి చెయ్యాలి. ఇసుక మీద ఒకటి, రాళ్ళ మీద ఒకటి, నీళ్ళలో ఒకటి. మధ్యలో ఆగితే గుర్రం నాది."

నల్లమబ్బు చెవులు నిక్కబొడుచుకుంది. కువలయుడు దాని కళ్ళెం రెండు చేతులా పట్టుకున్నాడు.

"అది కదలదు. నేను పరిగెత్తుతాను."

"నువ్వా?" మాంత్రికుడు నవ్వాడు. "సరే, షరతు అదే. పద!"

కువలయుడు కళ్ళెం మాణిక్యవల్లి చేతికిచ్చి ఇసుకలోకి దూకాడు.

"మడమలు లేపు! ఆ ఊగడమేమిటి, నీళ్ళబిందె మోస్తున్నావా?" అంది నల్లమబ్బు ఒడ్డు నుంచి. అతని పరుగు చూడటంలో పడి, "పద" విన్నా తను పరిగెత్తడం మరిచిపోయింది.

"నువ్వు నోరు ముయ్యి!"

ఇసుక అయింది. చూరు మీద చిలుక "పద!" అంది. రాళ్ళ మీద పరిగెత్తాడు. చెప్పులు పోయాయి, అరికాళ్ళు చీరుకుపోయాయి. రాళ్ళూ అయ్యాయి. చిలుక "పద!" అంది. నీళ్ళలో దిగాడు. నడుము లోతులో అతని గుండె చెవుల్లో కొట్టుకోసాగింది. కళ్ళు మసకబారాయి. చిలుక మళ్ళీ "పద!" అంది. అది తన గొంతే. ఇన్నేళ్ళుగా ఆ చెవిలో పోసిన గొంతు. అది ఇలా వినబడుతుందని అతనికి ఇప్పుడు తెలిసింది. ఎవరైనా ఇంకేదైనా ఒక్క మాట అంటే బాగుండుననిపించింది.

అప్పుడు ఒడ్డు మీద నుంచి నల్లమబ్బు పిలిచింది. ఈసారి వెటకారం లేదు.

"చాలు నాయనా. చాలు."

కువలయుడి కాళ్ళు వాటంతటవే నిలిచిపోయాయి. నీళ్ళోడుతూ, తూలుతూ వచ్చి దాని మెడ మీద వాలిపోయాడు.

"ఆగిపోయాడు! గుర్రం నాది!" అని మాంత్రికుడు గంతులేశాడు. ఎవరూ అతనివైపు చూడలేదు.

"ఈ మాట నేను నీకెప్పుడూ చెప్పలేదు కదూ?" అన్నాడు కువలయుడు.

"ఉలవలు పోసేటప్పుడు 'చాలా' అని అడిగేవాడివి. పరుగు తరవాత ఒక్కనాడూ అనలేదు. ఆగు అన్నావు. ఆగమన్నాక మళ్ళీ పద అంటావుగా. వద్దు అన్నావు. వద్దంటే నేను పనికిరాననేగా. ఇక ఎలా మానను? పద అని నేర్పింది నువ్వు. రెండోదీ నీ నోటే వినాలని చూస్తున్నాను."

కువలయుడు దాని తెల్లబడిన మూతి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "చాలు, నల్లమబ్బూ" అన్నాడు. "నువ్వు పరిగెత్తింది చాలు."

నల్లమబ్బు పెద్ద నిట్టూర్పు విడిచింది. ముంగాళ్ళు మడిచింది, వెనకకాళ్ళు మడిచింది, గడ్డి మీద పడుకుంది.

చిలుక తల ఒక పక్కకు వంచింది. కొత్త మాట. ముక్కు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచి కువలయుడి గొంతుతో "చాలు" అంది. బాగుందనిపించిందేమో, "చాలు, చాలు" అంది.

తిరుగుతున్న మాంత్రికుడు టక్కున ఆగాడు. చుట్టూ చూశాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఎన్నేళ్ళ తరవాతో కూర్చున్నాడు కాబట్టి మోకాళ్ళు పటపటమన్నాయి.

"అమ్మయ్య" అన్నాడు. "గుర్రం నాకెందుకయ్యా, తీసుకెళ్ళు. అమ్మాయీ, నువ్వూ మీ ఇంటికి వెళ్ళు తల్లీ. చిలుకను మాత్రం బాగా చూసుకో."

"ఇన్నేళ్ళూ చూసింది ఎవరట?" అంది మాణిక్యవల్లి.

అందరూ తిరిగొచ్చారు. కువలయుడికీ మాణిక్యవల్లికీ పెళ్ళయింది. పెద్దవాడు పెళ్ళి భోజనానికి లేచాడు, రెండోవాడి మీసం ముహూర్తానికి కుదిరింది. తరవాత కువలయుడే రాజై చాలా కాలం పాలించాడు. నిషేధం ఎత్తేశాడు, పదహారు మళ్ళీ పదహారయింది. నూరామడల పరుగులో కొత్త నియమం ఒకటి పెట్టాడు. రౌతు దిగగానే గుర్రం చెవిలో చాలని చెప్పాలి, ఆ తరవాతే రేచన్న తాంబూలం వేసుకోవాలి.

నల్లమబ్బు ఏటి ఒడ్డున పచ్చిక మేస్తూ, పందెపు గుర్రాలు పరిగెత్తుతుంటే మడమలు సరిగా లేవడం లేదని వంకలు పెడుతూ, ముసలిదై, ఇంకా ముసలిదై సుఖంగా ఉంది.

ఈ కథకూ చాలు. ఇక పదండి, పడుకుందురుగాని. ష్, మెల్లగా అన్నాను. నల్లమబ్బు వినలేదు కదా?