శాంతమ్మ వస వైద్యం

కాలవ గట్టు కింద ఒక బర్రెల పాక ఉంది. దాని చూరులో గోరింకలు కాపురం ఉంటున్నాయి. గోరింకల సంగతి మీకు తెలుసుగా. ఒకరి మాట మీద ఒకరు పడితే గాని వాళ్లకి మాట్లాడినట్టుండదు. ఒకామె "ఇవాళ పొద్దున..." అంటుంది. పక్కామె "వానొచ్చింది" అనేస్తుంది. ఆ పక్కాయన "వాన కాదు, మబ్బు పట్టిందంతే" అంటాడు. మొదలుపెట్టిన ఆవిడ ఏం చెప్పబోయిందో చివరికి ఆవిడకే గుర్తుండదు. ఇదంతా తగువనుకునేరు, మర్యాద. ఎదుటివాళ్ల మాట మనం పూర్తి చేసి పెడితే సాయం చేసినట్టని వాళ్ల లెక్క. పూర్తి చెయ్యకుండా వింటూ కూర్చుంటే "ఏం, పొగరా?" అంటారు.

సందెవేళ అందరూ పాక ముందున్న తుమ్మచెట్టు మీద చేరతారు. ఎవరెవరు ఏం చూశారో అక్కడ చెప్పాలి. ఏ చేలో నూర్పిడి అవుతోంది, ఏ పుట్టలో పాము దూరింది, డేగ ఎటునుంచి వచ్చింది, ఇలాంటివి. రెక్కలొచ్చిన పిల్లలు కూడా చెప్పాల్సిందే.

ఆ గుంపులో వెంకాయమ్మకి ముగ్గురు పిల్లలు. పెద్దవాళ్లిద్దరూ గుడ్డులో ఉండగానే కబుర్లు మొదలుపెట్టారంటారు. మూడోవాడు నూకరాజు. వాడికి రెక్కలొచ్చాయి, తిండి యావ వచ్చింది, అన్నలతో పోట్లాట కూడా వచ్చింది. మాట ఒక్కటే సరిగ్గా రాలేదు.

చెవుడా అంటే కాదు. "ఆ ఎండుపుల్ల పట్రారా" అంటే ఎండుపుల్లే తెస్తాడు. తను చెప్పాల్సి వచ్చేసరికి మాటలు దొరకవు, దొరికినవి వరసలో నిలబడవు. "పురుగు... అది... నేను... మింగు" అంటాడు. అదీ రాకపోతే ఉక్రోషం వచ్చి దగ్గరున్న గడ్డిపోచని పొడిచి పొడిచి నుసి చేస్తాడు. పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే ఒక్క ముక్క కూడా వాడి బుర్రకెక్కదు. అందరి నవ్వూ అయిపోయాక వాడొక్కడే నవ్వుతాడు.

ఇక సలహాలు మొదలయ్యాయి.

"నువ్వు గారాబం చేసి చెడగొట్టావు" అంది వరసకి పిన్ని.

"మా చిన్న మావయ్యా ఇంతే. ఈకలు రాలే వయసులో నోరు విప్పాడు. ఆ తర్వాత మూయించలేక చచ్చాం" అంది ఇంకొకామె.

"అదంతా బద్ధకం. ఒక పూట మాడిస్తే వాడే అడుగుతాడు" అన్నాడు వీరాసామి. ఆయన గుంపుకి పెద్ద.

వెంకాయమ్మ నిజంగానే మాడ్చింది. వాడు అడగలేదు. ఖాళీ నోరు తెరుచుకుని అమ్మ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ గబగబా ఒక పురుగు తెచ్చి వాడి నోట్లో పెట్టింది. మళ్లీ ఎవరేం చెప్పినా ఆ పని చెయ్యలేదు.

వానలు దగ్గరపడ్డాయి. వానాకాలం గుంపు మొత్తం కాలవ దాటి మామిడితోటలోకి పోవడం వాళ్ల అలవాటు. వీరాసామి వెంకాయమ్మని పక్కకి పిలిచాడు.

"చూడమ్మాయ్, దారి పొడుగునా డేగలుంటాయి. డేగని చూసి 'డేగ' అని అరవలేనివాణ్ణి వెంట తీసుకెళ్తే వాడికీ ముప్పే, మనకీ ముప్పే."

"అయితే నా బిడ్డని ఇక్కడ ఒంటరిగా వదిలి రమ్మంటావా మావయ్యా?"

"అని నేనన్నానా? మాట నేర్పించి తీసుకురా అంటున్నాను."

నేర్పించడం కుదిరితే ఈపాటికి నేర్పించదా?

సరిగ్గా అప్పుడే శాంతమ్మ రంగంలోకి దిగింది. శాంతమ్మ బూడిదరంగు పిల్లి. పాక వెనక గడ్డివాములో ఉంటుంది. నుదుటి మీద విభూది పెట్టినట్టు తెల్లటి చార. ఆవిడ గొంతు వింటే వెన్న గుర్తొస్తుంది.

"నీ కష్టం విన్నానమ్మా వెంకాయమ్మా. వస ఉందిగా, దిగులెందుకు? పసిపిల్లల నాలిక్కి వస రాస్తే మాటలొస్తాయని లోకమంతా ఎరుగును. నేను తేనెలో అరగదీసి రాస్తాను. పొద్దున్నే పరగడుపున వాణ్ణొక్కణ్ణే నా గడ్డివాములోకి పంపు. తల్లి కన్ను పడితే మందు పారదు."

"ఎవరికైనా తగ్గిందా అత్తా?"

"అదేం మాట? మన రత్తాలు కొడుక్కి నేనే కదా రాసింది. ఇప్పుడు వాడు పట్నంలో సంతలో కూర్చుని బేరాలాడేవాళ్లకే మాటలు నేర్పుతున్నాడు."

"అవును వదినా" అంది రత్తాలు, మెడ సాగదీసి. "మావాడికి రావడానికి తీరిక లేదట. శాంతమ్మగారు కబురు చెబుతూనే ఉంటారు."

గోరింకలు పిల్లి మాట నమ్మడమేమిటి, కథ చెప్పేవాడికి మతిపోయిందా అని మీరనుకోవచ్చు. నాకు మతి బాగానే ఉంది. మాటకారులకి మాటకారిని చూస్తే తగని గౌరవం. వీరాసామి ఏమన్నాడో వినండి.

"ఎంత ముచ్చటగా మాట్లాడింది. ఒక్క తడబాటు లేదు. అబద్ధమాడేవాళ్లకి అంత ధారగా ఎలా వస్తుంది?"

మర్నాడు పొద్దున్నే పంపాలని నిర్ణయమైపోయింది.

ఆ సాయంత్రం నూకరాజు ఒక మిడతని తరుముతూ గడ్డివాము కిందికంటా దూరాడు. కాసేపటికి ఒళ్లంతా గడ్డితో, గుడ్లు తేలేసి బయటికొచ్చాడు. తిన్నగా తుమ్మచెట్టెక్కి, ఎన్నడూ లేనిది, అందరి మధ్యా దూరి నోరు తెరిచాడు.

"గడ్డి..."

"గడ్డి కావాలిట. గూడు కడతాడు కాబోలు" అంది పిన్ని.

"ఈక..."

"ఈక ఊడిందా? ఈ వయసులో మామూలే" అన్నాడు వీరాసామి.

"శాంత... లోపల... అది..."

"శాంతమ్మగారి దగ్గరికి రేపు వెళ్దువుగాని, కంగారు పడకు. ఎంత ఉబలాటమో చూడండి" అంది రత్తాలు.

అందరూ సాయం చేసేశారు. నూకరాజు కొమ్మని నాలుగు పోట్లు పొడిచి, ఎగిరిపోయి మహంకాళి వీపు మీద వాలాడు.

మహంకాళి ఆ పాకలో ముసలి గేదె. వాడు పొద్దస్తమానం ఆవిడ మీదే ఉంటాడు. ఎందుకో వెంకాయమ్మ ఎప్పుడూ ఆలోచించలేదు. వాణ్ణి వెతుక్కుంటూ వచ్చి చూరు మీద వాలిందేమో, ఆ రోజు విన్నది.

"ఏం చూశావురా?" అంది మహంకాళి. అని, నెమరు మొదలుపెట్టింది.

నమిలింది. మింగింది. ఇంకో ముద్ద పైకి తెచ్చుకుని మళ్లీ నమిలింది. ఆవిడకి వినడమంటే అదే. ఇంకోటి చేతకాదు. తోక ఊపుకుంటూ తీరిగ్గా ఉంది.

"గడ్డివాము" అన్నాడు నూకరాజు.

నములుతోంది.

"గడ్డివాములో... ఈకలు."

వెంకాయమ్మకి నోట్లో దురద పుట్టింది. ఏ ఈకలు, కోడివా, నీవా, అని అడగబోయింది. మహంకాళి తోకతో ఒక్కటిచ్చింది.

"ఉండవే. ఇంకా నా నెమరు అవలేదు."

వెంకాయమ్మ ముక్కు బిగబట్టుకుని కూర్చుంది. చుట్టూ పదిమంది గోల లేదు. వాడి వంక గుచ్చి చూసేవాళ్లు లేరు. వాడు కళ్లు మూసుకుని, లోపల మాటలు వెతుక్కుని, ఒక్కొక్కటే బయటపెట్టాడు.

"తెల్ల... మచ్చ. ఈకలు... మనవి. చాలా. శాంత... తిను."

వెంకాయమ్మ కిందికి దిగి వాడి ఎదురుగా కూర్చుంది.

"శాంతమ్మ తింది. మనవాళ్లని తింది" అంది నెమ్మదిగా.

"తింది" అన్నాడు నూకరాజు. వాడి భుజాలు దిగాయి. వాడి మాట వాడు చెప్పినట్టే ఒకరికి చేరడం అదే మొదలు.

"మీరు ఇప్పుడే వెళ్లి గుంపుతో చెప్పండి" అంది మహంకాళి.

"నేను చెబితే సగంలో లాక్కుంటారక్కా. మిగతా సగం శాంతమ్మ అల్లేస్తుంది, ఆవిడ నోటికి నేనాగలేను. చూసింది వీడు. వీడే చెప్పాలి. వినేలా చెయ్యడం నా వంతు."

పొద్దున్నే వెంకాయమ్మ గుంపునంతా గడ్డివాము దగ్గరికి పిలిచింది.

"మావాడికి మందిస్తున్నారు, వచ్చి దీవించండి. ఒక్కటే పథ్యం. వాడి నోట్లోంచి మొదటి మాట మొత్తం బయటికొచ్చేదాకా ఎవరూ గొంతెత్తకూడదు. ఎత్తినవాళ్ల గొంతు పోతుందట."

గొంతు పోతుందనేసరికి గోరింకలన్నీ నోళ్లు బిగించుకున్నాయి.

శాంతమ్మ బయటికొచ్చి గతుక్కుమంది. "ఒక్కణ్ణే పంపమన్నాను కదా. ఈ సంత ఏమిటమ్మా?"

"మీ పేరు నలుగురికీ తెలియాలి కదా అత్తా. రేపటినుంచి వీళ్లూ తమ పిల్లల్ని తెస్తారు" అంది వెంకాయమ్మ.

శాంతమ్మ చుట్టూ వాలిన పిల్లల్ని వరసగా చూసింది. గుటక పడింది. "సరేలే, పుణ్యానికి పోతే నాకేం" అంది.

"మందుకి ముందు వాడు మిమ్మల్నొక మాట అడుగుతాడు. ఇప్పుడెలా మాట్లాడుతున్నాడో వీళ్లు చూస్తే, తర్వాత మీ మందు గొప్ప తెలుస్తుంది."

శాంతమ్మకి నవ్వొచ్చింది. వీడు అడగడమూ, తను జవాబు చెప్పడమూనా. "అడుగు నాయనా, అడుగు. ఎంతసేపైనా ఆగుతాను."

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. ఏమీ రాలేదు. తల్లి వంక చూశాడు. ఆవిడ తల ఊపింది, అంతే, నోరు విప్పలేదు. వాడి వెంట వచ్చిన మహంకాళి పక్కన నములుతోంది.

"గడ్డి" అన్నాడు.

పిన్నికి ప్రాణం మీదికొచ్చింది. వీరాసామి తన రెక్క తనే కొరుక్కున్నాడు. అయినా ఎవరూ గొంతెత్తలేదు.

"చూశారా పాపం" అంది శాంతమ్మ. "ఇక చాలు, ఇలా ఇవ్వండి వాణ్ణి."

"మాట అవలేదు" అంది మహంకాళి, నములుతూనే.

"గడ్డిలో..." అన్నాడు నూకరాజు. "తెల్ల మచ్చ... ఈకలు." గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఎవరివి?"

అడిగేశాడు. ఒక్కడే, మొదటినుంచి చివరిదాకా.

శాంతమ్మ మీసాలు వణికాయి. "అవా... అవి... అంటే..." అని నీళ్లు నమిలింది. వీరాసామి ముక్కు అలవాటుగా తెరుచుకుంది. "గాలికి కొట్టుకొచ్చాయి" అనడానికి అంతా సిద్ధం. వెంకాయమ్మ చూసిన చూపుకి మళ్లీ మూసుకుంది. అందరూ వింటున్నారు. శాంతమ్మ మాట పూర్తి చేసి పెట్టేవాళ్లు లేరు. "అవి... పట్నం నుంచి..." అంది శాంతమ్మ, అక్కడ ఆగిపోయింది.

రత్తాలు గడ్డివాములోకి దూరింది. ఒక చిన్న ఈక ముక్కున పట్టుకుని బయటికొచ్చింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడం తేలిక. గుంపు మొత్తం శాంతమ్మ నెత్తి మీద పడింది. ఆవిడ గోడెక్కబోతే మహంకాళి ఒక్క కొమ్ము విసిరింది. శాంతమ్మ వెళ్లి కుడితి తొట్టిలో పడి, తౌడూ చిట్టూ మొహాన పులుముకుని, కాలవ గట్టు వెంట పరుగో పరుగు. అంత మాటకారి, పోతూ పోతూ ఒక్క మాటా అనలేదు. ఆ చుట్టుపక్కల మళ్లీ కనబడలేదు.

"నూకరాజు తోటకి వస్తున్నాడు" అన్నాడు వీరాసామి. "డేగని చూస్తే అరవక్కర్లేదురా, రెక్కలు టపటపలాడించు. మేం చూస్తాం."

మరి నూకరాజుకి మాటలొచ్చేశాయా అంటే, మీకోసం అబద్ధమాడలేను, రాలేదు. తోటలో కూడా మాట కోసం వెతుక్కుంటాడు, దొరక్కపోతే చిగుళ్లు పొడుస్తాడు. వెంకాయమ్మ చిన్న చిన్న మాటలే మాట్లాడుతుంది, వాడు "పురుగు" అంటే "పచ్చ పురుగు" అని తనో మాట కలిపి ఊరుకుంటుంది. కొన్నాళ్లకి ఆ పచ్చ వాడి నోట కూడా వస్తుంది, ఒక్కోసారి రాదు. సందెవేళ వాడి వంతు వస్తే గుంపంతా నోళ్లు కట్టుకుని ఆగుతుంది. గోరింకలకి అది ఎంత నరకమో మీకు చెప్పక్కర్లేదు.

అందరికంటే ఎక్కువసేపు ఆగేది రత్తాలు. పూటపూటా వాడి పక్కన వాలి, "ఏం చూశావు నాయనా?" అని అడిగి కూర్చుంటుంది. వెంకాయమ్మ ఒకరోజు ఉండబట్టలేక అంది, "నీకెందుకు వదినా ఇంత ఓపిక?"

"మందుకి పంపిన రోజు మావాడు నా రెక్క వదల్లేదు వదినా" అంది రత్తాలు. "'అమ్మా, పిల్లి...' అన్నాడు. 'పిల్లి మంచిదేరా' అని నేనే మాట పూర్తి చేసి పంపేశాను."

నీతి: బిడ్డ మాట ఆలస్యమైతే అది అయ్యేదాకా ఆగండి, మధ్యలో అందుకున్నవాళ్లకి వినబడేది వాళ్ల గొంతే.