కుంకుమ పెట్టిన మూతలు

మా గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి "ఇదా, అదా?" అని అడిగితే ఇదీ చెప్పేవారు కాదు, అదీ చెప్పేవారు కాదు. ఆ మనిషికి ఏదో ఒక పని పురమాయించి, పని అయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే మళ్ళీ రమ్మనేవారు. చాలామంది మళ్ళీ రాలేదు. వాళ్ళకి జవాబే దొరికిందో, పని చూసి హడలిపోయారో నాకు తెలియదు. సన్యాసిరావు మాత్రం వచ్చాడు.

సన్యాసిరావు పేరుకే సన్యాసి, ఉద్యోగం ఢిల్లీలో. చిన్నప్పుడు మా గుమ్మకొండ ఆశ్రమంలో నా పక్కన కూర్చుని చదువుకున్నవాడే. దేశానికి ముందు ముందు కావలసిన కరెంటు ఎక్కడి నుంచి తేవాలో తేల్చే సంఘంలో అతని మాటకు బరువుంది. ఏటా ఎండాకాలం చివర్లో, కాలం చేసిన మా పెద్దస్వామి ఆరాధనకు వచ్చి, పంచె ఎగ్గట్టి వడ్డన చేసి, నేరేడుపళ్ళు తిని నాలుక నల్లగా చేసుకుని వెళ్ళేవాడు. ఆ ఏడు వచ్చినప్పుడు మాత్రం మొహంలో కళ లేదు. ఆరాధన ముందురోజు సాయంత్రం గురువుగారికి దణ్ణం పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"గురువుగారూ, ఎండలు ఏటికేడాది ముదురుతున్నాయి. వానలు వేళ తప్పుతున్నాయి. అయినా కరెంటు ఇంకా కావాలంటున్నారు. బొగ్గు తవ్వమంటే అడవి పోతుంది, గాలి పాడవుతుంది. ఆనకట్ట కట్టమంటే ఊళ్ళు మునుగుతాయి. ఎండలోంచి తీద్దామంటే అంత భూమి ఎవరి దగ్గర లాక్కోను? వెళ్ళగానే నేను ఏదో ఒకటి చెప్పాలి. నేను వేలు చూపించిన చోట ఎవరో ఒకరి బతుకు చెదిరిపోతుంది. ఏది చెప్పమంటారు?"

గురువుగారు అతన్ని ఆప్యాయంగా చూశారు. "ఏది అని తేల్చేవాడివి, మంచి సమయానికి వచ్చావు నాయనా. మాకూ అలాంటి చిక్కే వచ్చిపడింది. పొద్దున్నే సున్నం బుంగ పట్టుకుని కొండవాలెక్కు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పైడయ్య గొడ్డళ్ళతో పైకి వస్తాడు. ఏ చెట్లు కొట్టాలో వాటికి బొట్టు పెట్టి రా."

ఆ చిక్కేమిటో చెప్పాలి. మా ఆశ్రమంలో వంట కట్టెల మీదే. ఆరాధన వంటకు కట్టెల కొట్టం అడుగంటా ఖాళీ అయిపోతుంది. ఆ మధ్యాహ్నమే కొండవాలు మీద నేరేడుచెట్లు కొన్ని కొట్టి, వానలు ముదిరేలోగా ఎండబెట్టి, ఏడాదికి సరిపడా కొట్టం నింపుకోవడం ఎప్పటినుంచో ఆనవాయితీ. ఒకప్పుడు వాలంతా పరుచుకున్న తోట తరిగి తరిగి ఊటనీళ్ళు పారే గెడ్డ చుట్టూ మాత్రమే మిగిలింది. మాకూ, కింద పల్లెకీ ఆ ఊట నీళ్ళే ఆధారం. పై చెట్లు పోయినకొద్దీ ఊట సన్నబడటం మా కళ్ళతోనే చూశాం. నిరుడు ఎండల్లో బిందె నిండేసరికి ఆడవాళ్ళు ఒక పూర్తి పాట పాడుకునేవారు. ఈ మిగిలిన చెట్లు కూడా కొట్టేస్తే పాడటానికి కూడా ఎవరూ అక్కడికి వెళ్ళరని అందరికీ తెలుసు. తెలిసి ఏం చేస్తాం? వచ్చిన వాళ్ళకి అన్నం పెట్టొద్దా?

మర్నాడు తెల్లవారుతూనే సన్యాసిరావు సున్నం బుంగతో వాలెక్కాడు. కొబ్బరిపీచు కుంచె అతని చేతికిచ్చి నేను వెంట వెళ్ళాను. మొదటి చెట్టు వేళ్ళు ఊట అంచునే దిగి ఉన్నాయి, దాన్ని వదిలేశాడు. రెండోదానికి తేనెపట్టు ఉంది. మూడోదాని కింద పల్లె ఆడవాళ్ళు బిందెలు దించుకుని అలుపు తీర్చుకుంటున్నారు. నాలుగోది విరగకాసింది. అతను కుంచె ఎత్తడం, దించడం, ఇంకో చెట్టు దగ్గరికి నడవడం. బిందె సంకనెత్తుకున్న ఒకావిడ ఇదంతా చూసి ఉండబట్టలేక అడిగింది. "ఏటి బావూ, సెట్టుకి బొట్టెడతన్నారు? పెళ్ళేటి?"

మిగతా ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. సన్యాసిరావు నవ్వలేకపోయాడు. ఆ బొట్టు దేనికో వాళ్ళకి చెప్పే ధైర్యం అతనికీ లేదు, నాకూ లేదు. ఎండ ఎక్కేసరికి బుంగలో సున్నం గట్టిపడిపోయింది, ఒక్క చెట్టుకీ బొట్టు పడలేదు.

కిందికి దిగుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. "ఒరేయ్, ఏది కొట్టాలీ, ఏది కొట్టాలీ అని చూస్తున్నాను గానీ, అసలు ఎంత కావాలో నేను అడగలేదురా" అన్నాడు. అని, గురువుగారి దగ్గరికి కాకుండా తిన్నగా వంటింటికి నడిచాడు.

మా వంటిల్లు పొడుగాటి పెంకుటిల్లు. కొండవైపు గోడ ఏనాటి తుపానులోనో కూలిపోయింది. గాలి హాయిగా ఉందని ఎవరూ మళ్ళీ కట్టలేదు. ఆ హాయి గాలికి గాడిపొయ్యిలో మంట గుండిగల కింద నిలవకుండా పక్కకి వాలి, పెరడు వైపు నాలుక చాపుతోంది. పప్పు, గుమ్మడికాయ పులుసు, ఎసరు అన్నీ నోళ్ళు తెరుచుకుని కుతకుతలాడుతున్నాయి. ఆవిరి మబ్బులా పైకి లేచి పెంకుల్లోంచి పోతోంది. పొయ్యి ఎంత తిన్నా ఇంకా కావాలంటుంటే, ఇద్దరు మనుషులు కొట్టంలోంచి మోపులు తెచ్చి పడేస్తున్నారు. సన్యాసిరావు మంటవైపు చూశాడు, ఆవిరివైపు చూశాడు, ఆ తరవాత లోపలి గోడవైపు చూశాడు.

ఆ గోడకి గుండిగల మూతలు వరసగా వేలాడుతున్నాయి. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి మూతలు. ఒక్కోదానికి పసుపు, కుంకుమ, పైన ఒక మందారపువ్వు.

"ఇవి మూతలు కదూ?" అన్నాడు సన్యాసిరావు, చిన్నప్పట్నుంచీ దణ్ణం పెట్టిన వాటిని మొదటిసారి చూసినట్టు.

వంటింటికి పెద్ద అప్పలనరసమ్మ. ఆవిడ గొంతు గెడ్డ అవతలికి వినబడుతుంది. గురువుగారు కూడా పెరుగు కావాలంటే ఆవిణ్ణి కాస్త బతిమాలి అడుగుతారు. ఆవిడ గరిటె నడుముకి ఆనించి నిలబడింది. "మూతలే బాబూ. పెద్దసాములోరికి ఆకర్న సూపు పోనాది కదా. వసారాలో కూకుని, వోసన బట్టి పప్పుడికిందో లేదో ఆయనే సెప్పీవోరు. మూతెడితే ఆయనకి వోసన ఎలాగెల్తాది? అందుకని మా అమ్మ మూతలు తీసి గోడకెట్టింది. సుక్కోరం సుక్కోరం బొట్టెడతన్నాం."

పెద్దస్వామి పోయి ఏళ్ళూ పూళ్ళూ అయింది. అయినా ఆయన వాసన చూడటం ఆపలేదని వంటింటి నమ్మకం. మేము మాత్రం తక్కువ తిన్నామా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ మూతలకి దణ్ణాలు పెట్టినవాళ్ళమే.

సన్యాసిరావు చదువుకున్నవాడు కదా, ఊరుకోలేక ఉపన్యాసం అందుకున్నాడు. ఆవిరితో వేడి ఎంత పోతుందో, గాలికి ఎంత పోతుందో, గుండిగలోకి చివరికి ఎంత కొంచెం వెళుతుందో చేతులూపుతూ చెప్పాడు. మధ్యలో ఒక లెక్క కూడా వేయబోయాడు. అప్పలనరసమ్మ మర్యాదగానే విన్నది. "తమరి డిల్లీలో ఎట్టుకోండి బాబూ మూతలు. ఇక్కడ పెద్దసాములోరున్నారు" అని పులుసు కలపడానికి తిరిగింది. అతని చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

గుమ్మంలో గురువుగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో మేము గమనించలేదు. లోపలికి వచ్చి పీట లాక్కుని కూర్చుని, ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగారు. "నరసమ్మా, పెద్దస్వామికి ఏ వాసన ఇష్టం?"

"మీకు తెలీదేటి? ఉడికిన పప్పులో ఇంగువ తాలింపు పడితే ఆయన మొకం ఇంతయ్యీది."

"మరి పొద్దుట్నుంచీ ఆయనకి నువ్వు పంపిస్తున్నదేమిటమ్మా? ఉడకని పప్పు వాసన, గుమ్మడి తొక్క వాసన, పొగ. అన్నీ ఉడికాక ఆయన పటం ముందు ఒక్కసారి మూత తీస్తే ఎలా ఉంటుందంటావు?"

అప్పలనరసమ్మ కాసేపు గోడవైపు, కాసేపు పొగవైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో! ఇన్నాళ్ళూ సాములోరికి పొగెట్టేనేటి!" అంది. మరుక్షణం రెండు చేతులా మొదటి మూత దించి కళ్ళకద్దుకుంది. పక్కనున్న పిల్ల కుంకుమ తుడవబోతే కసిరింది. "బొట్టు సెరపకే! అలాగే ఎట్టు!"

తరవాత ఆ వంటింట్లో జరిగిన సందడి చెప్పడం నా వల్ల కాదు. కుంకుమబొట్లతో మూతలు గుండిగలెక్కాయి. సన్యాసిరావు చొక్కా విప్పేసి, కూలిన గోడ ఇటికలు మోసుకొచ్చి, గాలి వచ్చేవైపు పొయ్యి పొడుగునా పేర్చాడు. సందుల్లో నేను మట్టి మెత్తాను. పక్కకి వాలుతున్న మంట లేచి గుండిగల అడుగుని పట్టుకుంది. కాసేపటికి మూతలు టకటకమని ఎగరడం మొదలుపెట్టాయి. "మాడిపోతాది, కట్టెలు లాగండి, లాగండి!" అని అప్పలనరసమ్మ కేకలు. పొయ్యిలోకి కట్టెలు తొయ్యడమే తప్ప బయటికి లాగడం తెలియని ఆ ఇద్దరు మనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. వంట పెందరాళే అయిపోయింది. వంటవాళ్ళు స్నానాలు చేసి, పువ్వులు పెట్టుకుని, ఏనాడూ ఎరగనంత తీరిగ్గా భజనలో కూర్చున్నారు.

పప్పు గుండిగ పెద్దస్వామి పటం ముందుకి మోసుకొచ్చారు. తాలింపు వేసి మూత పెట్టి తెచ్చింది కాబట్టి బయటికి ఏమీ పొక్కలేదు. అప్పలనరసమ్మ దణ్ణం పెట్టి ఒక్కసారిగా మూత ఎత్తింది. ఇంగువ వాసన గుప్పున లేచి వసారా దాటి, పందిరి దాటి, గేటు దగ్గర చెప్పులు విప్పుతున్న వాళ్ళ దాకా వెళ్ళింది. పందిరి పందిరంతా ఒకే గొంతుతో "ఆహా!" అంది. నరసమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నాకూ వచ్చాయని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

వడ్డన మొదలయ్యేటప్పుడు గురువుగారు పంక్తి మొదట నిలబడ్డారు. మా వైపు వడ్డన సంగతి మీకు తెలిసిందే. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తేనే మర్యాద. ప్రతి ఆరాధనకీ ఎంగిలి విస్తళ్ళతో పాటు బోలెడంత అన్నం గోతిలోకి పోయేది. ఆయన వడ్డించేవాళ్ళందరికీ వినపడేలా అన్నారు. "ఇవాళ చాలన్నవాణ్ణి నమ్మండి. ఇంకాస్త అన్నవాణ్ణి ఇంకా ముందు నమ్మండి." ఆ రోజు ఎవరూ ఆకలితో లేవలేదు. విస్తళ్ళు తుడిచినట్టున్నాయి. ఎప్పుడూ అడుగుబొడుగులతో సరిపెట్టుకునే వంటవాళ్ళు వేడివేడి అన్నంలో పప్పు కలుపుకుని, అందరితో పాటు తిన్నారు.

భోజనం చేసి పైడయ్య, అతని తమ్ముళ్ళు గొడ్డళ్ళు భుజానేసుకుని కొట్టం దగ్గరికి వెళ్ళారు. తలుపు తీసి పైడయ్య అలాగే నిలబడిపోయాడు. "ఇదేటి, సగానికి పైగా ఉండిపోనాయి!" అన్నాడు. మేమంతా పరిగెత్తుకెళ్ళాం. నిజమే. ఏటా ఈ వేళకి ఊడ్చినట్టుండే కొట్టంలో మోపులు నడుమెత్తున ఉన్నాయి. పైడయ్య కొండవైపు చూసి, నరసమ్మవైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "మరి మావు ఎక్కాలా? వొద్దా?"

జవాబు చెప్పాల్సింది అప్పలనరసమ్మే. ఆవిడ మోపుల్ని ఎగాదిగా చూసి చెయ్యి అడ్డంగా ఊపింది. "ఇలాగొండితే వానలెల్లిపోయే దాకా ఇయ్యే సాల్తాయి. ఆ తరవాత ఎండుకొమ్మలు ఏరుకుందుం. ఎక్కకండి."

పైడయ్య గొడ్డలి దించి గోడకి జారేశాడు. "మా ఇంటిదీ ఆ గెడ్డ నీళ్ళే తాగుతాదండి. రాత్తిరి నుంచీ అన్నం సయించనేదు" అన్నాడు. గురువుగారు అతని భుజం తట్టి, కూలి ఎక్కడికీ పోదనీ, ఆ కూలిన గోడ ఇవాళే మొదలుపెట్టమనీ చెప్పారు. తమ్ముళ్ళు అప్పుడే మట్టి తొక్కడానికి నీళ్ళు మోస్తున్నారు. సన్యాసిరావు వాళ్ళతో పాటు మట్టిలో దిగి, చిన్నపిల్లాడిలా ఎగిరెగిరి తొక్కాడు. ముందురోజు వచ్చిన మనిషి ఇతనేనా అనిపించింది.

సాయంత్రం మోకాళ్ళ దాకా మట్టితోనే వచ్చి గురువుగారి ఎదుట కూర్చున్నాడు. "కొత్తవి అసలు కట్టొద్దని నేను చెప్పలేను గురువుగారూ, కరెంటు ఎరగని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కానీ ముందు దేశం వంటిల్లు చూసి రమ్మని చెబుతాను. ఎన్ని ఫ్యాక్టరీల్లో, ఎన్ని ఆఫీసుల్లో, ఎన్ని తీగల్లో, ఎంత వేడి, ఎంత వెలుగు ఇలా ఊరికే పోతోందో ముందు అది ఆపుదామంటాను." అంతలో అతని మొహంలో మళ్ళీ ఒక సందేహం కదిలింది. "కానీ వింటారా అని. ఆనకట్ట కడితే శంకుస్థాపన ఉంటుంది, మంత్రిగారు కొబ్బరికాయ కొడతారు, పేరు చెక్కిన ఫలకం ఉంటుంది. వృథా ఆపితే చూపించడానికి ఏముంటుంది? ఫలకం ఎక్కడ పెట్టమంటారు?"

గురువుగారు పెద్దగా నవ్వారు.

"దానికేం భాగ్యం నాయనా! ఆ ఢిల్లీవాళ్ళని ఒకసారి మన ఊట దగ్గరికి తీసుకొచ్చి, ఇవాళ మనం కొట్టని చెట్టు ఏదో చూపించు. దానికే తగిలిద్దాం."