రెండు బండ్ల యాత్ర

భీమిలి వరదాచార్యులుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. కోపం తగ్గే మార్గం చెప్పమని ఒకాయన వస్తే, ఎదురుగా కూర్చోబెట్టి బుట్టెడు చింతపండుకి గింజలు తీయించారు. ఎందుకు తీయించారో విడమరచి చెప్పలేదు. అర్థమైతే అయింది, కాకపోతే చింతపండైనా శుభ్రపడింది. అందుకని ఆయన దగ్గరికి ప్రశ్న పట్టుకుని వెళ్ళేవాళ్ళు కొంగు నడుముకి బిగించుకునే వెళ్ళేవారు.

ఆండాళు కూడా అలాగే వెళ్ళింది. ఆమెకి ఊహ తెలియని వయసులో జ్వరం వచ్చి కన్ను తెరవకపోతే, వాళ్ళమ్మ సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకుని, పిల్ల బతికితే సింహాచలం నుంచి అహోబిలం దాకా కాలినడకన వెళ్తానని మొక్కుకుంది. పిల్ల బతికింది. ఆ తరువాత మంచాన పడ్డ అత్తగారు, ఆడపడుచుల పురుళ్ళు, ఇంటి చాకిరీ. ఆవిడ గడప దాటి అంత దూరం వెళ్ళే రోజు రానేలేదు. పోయేముందు "ఆ నడక ఉండిపోయిందే" అంది. ఆ మాట అప్పట్నించీ కూతురి గుండెలో ఉండిపోయింది. ఇప్పుడు ఆండాళుకి అరవై నిండాయి. ఇంక ఆగితే తనకీ ఉండిపోతుందని, ఈ పుష్యమాసంలో బయల్దేరి, ఫాల్గుణంలో అహోబిలంలో జరిగే కల్యాణం నాటికి చేరాలని నిశ్చయించుకుంది.

తోడు వస్తానన్నది ఇందుమతి. విశాఖపట్నంలో ఆడవాళ్ళకి కారు నేర్పే బడి నడిపిన మనిషి. ఆండాళుకి స్టీరింగు పట్టుకోవడం నేర్పిందీ ఆవిడే. ఇద్దరికీ చెరో వ్యాను ఉంది. లోపల పడుకునే బల్ల, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు అమర్చినవి. క్యాంపర్ వ్యాన్లంటారు వాటిని. ఆండాళు తన దాంట్లో సాలగ్రామం పెట్టెకి కూడా చిన్న గూడు కట్టించుకుంది.

ఆచార్యులుగారి భార్య రంగనాయకమ్మ ఆ బండ్లని చూసి ముక్కున వేలేసుకుంది. "కాలినడకన పోతూ రెండిళ్ళు వెంటేసుకు పోతారుటే! పూర్వం చెంబూ దుప్పటీ పట్టుకుని పోయేవాళ్ళు."

"వాళ్ళకి మోకాళ్ళు ఉండేవి పిన్నిగారూ" అంది ఇందుమతి. "మేం నడిచేదంతా నడుస్తాం, పడుకునేటప్పుడే బండి. పొద్దున్నే రెండు బండ్లూ తోలుకుని సాయంత్రం చేరాల్సిన చోటికి పోతాం. నా బండి అక్కడ ఉంచేసి, ఆండాళు బండిలో ఇద్దరం వెనక్కి వచ్చేస్తాం. అక్కణ్ణించి నడక. నా బండి దగ్గరికి చేరాక, దాంట్లో పోయి తన బండి తెచ్చుకుంటాం. అడుగు కూడా ఎగ్గొట్టం."

"బాగానే ఉంది. దేవుడికి మీ దారి అర్థమైతే చాలు" అని నవ్వి, మజ్జిగ కలపడానికి ఇందుమతిని వంటింట్లోకి తీసుకెళ్ళింది రంగనాయకమ్మ.

ఆండాళు ఆ సందు కోసమే చూస్తోంది. ఆచార్యులుగారు తులసిమాల కడుతున్నారు. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"స్వామీ, రోజూ సముద్రం ఒడ్డున నడక అలవాటు చేసుకుంటున్నాం. ఇందుమతికి మోకాలు సరిగా లేదు. దాని నడకతో నడిస్తే కల్యాణానికి అందుకోలేను. అలాగని రావద్దనడానికి నోరు రావడం లేదు. మా అమ్మ మొక్కు పెద్దదా, స్నేహం పెద్దదా?"

ఆయన మాల మీంచి చూపు తిప్పలేదు. "రేపు ఒక్కరోజు, యాత్రలో ఎలా నడుస్తారో అచ్చం అలాగే నడిచి రండి. వచ్చాక అడుగు" అన్నారు.

మర్నాడు తెల్లవారుతూనే ఇందుమతి వ్యానుని సముద్రపు ఒడ్డున సరుగుడు తోట దగ్గర నిలిపారు. ఆండాళు వ్యానులో జీడితోట దాకా వెనక్కి వచ్చారు. నడిచేటప్పుడు నామం తప్ప మరో మాట వద్దనుకున్నారు కనక, ఫోన్లు రెండూ ఇందుమతి బండిలోనే పెట్టేసి వచ్చారు. పెరుగన్నమూ, మంచినీళ్ళూ కూడా అక్కడే. చల్లటి పూట నడకే కదా అనుకున్నారు.

కాసేపు పక్కపక్కనే నడిచారు. ఇందుమతి అడుగు చిన్నదవుతూ వచ్చింది. ఆండాళు రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆగబోతుంటే ఇందుమతి చేత్తోనే సైగ చేసింది, నువ్వు పద, నేనొస్తాలే అన్నట్టు. ఆండాళు తల ఊపి సాగిపోయింది. తన నడక తనకి దొరికాక కాళ్ళు తేలికయ్యాయి, నామం ఊపిరితో కలిసింది. ఇలా నడిస్తే కల్యాణానికి ముందే చేరిపోతాను అనుకుంది. అమ్మ పక్కనే నడుస్తున్నట్టు అనిపించింది. దారి మలుపు తిరిగింది. వెనక ఎవరూ కనబడలేదు. ఆ సంగతి ఆమె పట్టించుకోలేదు.

బండి దగ్గరికి చేరి, చెమట తుడుచుకుని, తలుపు లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. ఆ బండి తాళం ఇందుమతి దగ్గర ఉంది.

అద్దంలోంచి నీళ్ళ సీసా కనబడుతోంది. ఆండాళు బండి నీడలో చతికిలబడింది. మొదట విసుగొచ్చింది. చూశారా స్వామీ, ఇదీ నా బాధ అని మనసులోనే ఆచార్యులుగారికి చెప్పుకుంది. నీడ పలచబడి కాళ్ళ దాకా జరిగింది. ఇందుమతి రాలేదు. విసుగు ఎప్పుడు భయమైందో ఆమెకి తెలియలేదు.

తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆవిడ అటుగా వచ్చింది. ఆండాళు లేచి ఎదురెళ్ళింది. "అమ్మా, దారిలో ఆకుపచ్చ చీర కట్టుకున్నావిడ కనబడిందా?"

"ఆవిడా? ఎనక్కి తిరిగి పోతంది గదమ్మా. కాలీడ్చుకుంటా పోతంది. పిలిచినా పలకలేదు." ఆవిడ ఆండాళు మొహం చూసి తట్ట దించింది. "ముందు కాసిని నీళ్ళు తాగు తల్లీ. పడిపోయేలాగున్నావు."

ఆండాళు ఆ నీళ్ళు తాగి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. కల్యాణమూ మొక్కూ ఏవీ గుర్తు లేవు. నామం కూడా తప్పిపోయింది. ప్రతి చెట్టు కిందా చూస్తూ, ప్రతి మలుపులో పేరు పెట్టి పిలుస్తూ నడిచింది. బొడ్డులో దోపుకున్న తన బండి తాళం నడుముకి గుచ్చుకుంటే అప్పుడు తట్టింది, ఇందుమతి వెనక్కి వెళ్ళినా ఆ తలుపూ తెరుచుకోదని.

జీడితోట దగ్గర, ఆండాళు వ్యాను చక్రానికి ఆనుకుని కూర్చుని ఉంది ఇందుమతి. మోకాలికి తువ్వాలు కట్టుకుంది. పెదాలు ఎండిపోయాయి.

"ఎందుకే వెనక్కొచ్చావు? నా ప్రాణాలు తోడేశావు కదే!"

"అరవకు. బండి తీసుకుని నీ దగ్గరికి వద్దామనుకున్నా" అంది ఇందుమతి. "యాత్రలో కూడా అంతే చేద్దామే. నువ్వు నడువు, నేను బండి తోలతాను. రోజూ సాయంత్రానికి నీకు ఎదురుగా ఉంటాను. మీ అమ్మ మొక్కు నీకు దక్కుతుంది."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నిన్న మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. విన్నాను. మళ్ళీ వంటింట్లోకి పోయాను." ఆమె చిన్నగా నవ్వింది. "ఇన్ని తెలివితేటలు ఉన్నదాన్నా, తలుపు లాగేదాకా తాళం నీ దగ్గరుందని తట్టలేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ బండి నేర్పినదాన్ని!"

ఆండాళుకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. తలుపు తీసి, ట్యాంకులో నీళ్ళు పట్టి ఇచ్చి, పొయ్యి వెలిగించి ఆ మోకాలికి వేడి గుడ్డ కాపడం పెట్టింది.

సాయంత్రం ఆచార్యులుగారి ఇంటికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఇందుమతి ఆండాళు భుజం పట్టుకుని మెట్లెక్కింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది ఆండాళు. రంగనాయకమ్మ నవ్వాలో నొచ్చుకోవాలో తెలియక ఇద్దరికీ దిష్టి తీసింది.

"మరి నిన్నటి ప్రశ్న?" అన్నారు ఆచార్యులుగారు.

"కల్యాణానికి అందుకోం స్వామీ. దీని మోకాలు కుదుటపడ్డాక బయల్దేరతాం, ఎప్పటికి చేరితే అప్పటికే. అమ్మ నడుస్తానంది కానీ ఫలానా నాటికి అనలేదు. ఆ గడువు నేను పెట్టుకున్నది."

"ఇప్పుడు అలాగే అంటుంది స్వామీ, దారి పొడుగునా సణుగుతుంది" అంది ఇందుమతి.

"సణుగుతాను. విను" అంది ఆండాళు. మళ్ళీ ఆచార్యులుగారి వైపు తిరిగింది: "ఒక్కటే బాధ స్వామీ. ఇవాళ పొద్దున్నించీ నడిచి నడిచి, బయల్దేరిన చోటికే వచ్చి పడ్డాను. అహోబిలం వైపు ఒక్క అడుగు కూడా వేసినట్టు కాలేదు."

ఆచార్యులుగారు మాల చివర ముడి వేసి, ఆమె చేతుల్లో పెట్టారు.

"వెళ్ళేటప్పటి సంగతి నాకు తెలియదమ్మా. వెనక్కి వచ్చావు చూడు, ఆ నడకంతా అటువైపే."