రెండో గుమ్మం

పూర్వం ఒక రాజుగారికి మంచి బట్టల మీద మోజు. అందుకని కొండల అవతలి నుంచి నేతగాళ్ళను రప్పించి, వాళ్ళకో కొత్త పేట కట్టించబోయాడు. ఇళ్ళు గీసే పని ఆస్థాన స్థపతి విరూపాక్షాచారిది. కోటకు వీపు చూపడం ధిక్కారమని, ప్రతి ఇంటికీ కోట వైపు ఒకటే గుమ్మం గీశాడాయన.

నేతగత్తె తిరపతమ్మకు దిగులు పట్టుకుంది. వెనక గోడ లేస్తే కొండలు కనబడవు. ఆ కొండల అవతలే ఆమె తల్లి ఉంది. పిల్లలు అప్పుడే అమ్మమ్మ ముఖం మరిచిపోతున్నారు.

ఇళ్ళ పునాదులకు ముగ్గు పోసిన రోజు ఆమె చేతులు కట్టుకుని స్థపతిని అడిగింది. "అయ్యగారూ, పొద్దున బయటికొస్తూ కోటకు ముఖమే చూపిస్తాం. మరి సాయంత్రం లోపలికి పోయేటప్పుడో?"

స్థపతి ముగ్గు గీత దాటి లోపలికి అడుగేశాడు. కోట తన వెనక పడింది. చటుక్కున కోట వైపు తిరిగాడు.

"వెనక్కి నడుచుకుంటూ పోండి."

"నెత్తిన నూలు మూటలతోనా? వెనకవైపు ఇంకో గుమ్మం ఉంటే, కోటను చూస్తూనే లోపలికొస్తాం కదా."

ఆచారి గడ్డం నిమురుకున్నాడు. మర్నాడు ఆ ఆలోచన తనదేనని రాజుగారికి విన్నవించి, మెప్పు పొంది, పేటంతా రెండేసి గుమ్మాలు పెట్టించాడు.

ఇంట్లో చేరిన సాయంత్రం తిరపతమ్మ వెనక గుమ్మంలో కూర్చుని పిల్లలకు అన్నం కలిపింది. చిన్నది ముద్ద నములుతూ కొండల వైపు చూసింది.

"అమ్మా, అమ్మమ్మ కూడా ఇప్పుడు తింటోందా?"

ఎవరూ గుర్తు చేయకుండా అది అమ్మమ్మ మాట ఎత్తడం అదే మొదలు.

"మీరు తిన్నాకే తింటుందమ్మా" అంటూ తిరపతమ్మ ఇంకో ముద్ద పెట్టింది.