ఏరు దాటబోయిన కొమ్ములు

గవ్వలేటికి ఇవతలి ఒడ్డున ఉన్న జంతువులన్నిటికీ కలిపి ఒక సభ ఉంది. జాతికి ఒక సభ్యుడు. సభ నల్లబండ మీద జరుగుతుంది. అధ్యక్షుడు ఎలుగుబంటి పెద్దయ్య. ఆయన ఎప్పుడు మేలుకుని వింటాడో, ఎప్పుడు కళ్ళు తెరుచుకునే నిద్రపోతాడో ఇంతవరకూ ఎవరికీ అంతుపట్టలేదు.

అడవిదున్నల తరఫు సభ్యురాలు పుల్లమ్మ. వయసు మళ్ళింది, మందకంతా పెద్దదిక్కు. మాట తక్కువ, నమలడం ఎక్కువ. దున్నలకు తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. ఎంత పెద్ద మాటైనా వినగానే ఒప్పుకోకూడదు. మింగాలి, మళ్ళీ పైకి తెచ్చుకోవాలి, ఓ విడత నెమరు వేసుకోవాలి, ఆ తర్వాతే ‘ఊఁ’ అనాలి. దీనివల్ల సభలో పుల్లమ్మకు పెద్ద పేరేమీ రాలేదు. "ఆవిడ ఊఁ అనేసరికి మా మనవలకు మనవలు పుడతారు" అని కొండముచ్చు కొమ్మయ్య వెక్కిరించేవాడు.

మాఘమాసంలో ఒక పొద్దున సభ ఇంకా సర్దుకుని కూర్చోనే లేదు, నక్క నయగారప్ప రొప్పుతూ వచ్చి బండ మధ్యలో కూలబడ్డాడు.

"పెద్దయ్యగారూ, కొంప మునిగింది! అవతలి ఒడ్డున రేచుకుక్కలు దుప్పుల మీద పడ్డాయి. ఒకటా రెండా, ముప్ఫై కుక్కలు! ‘ఇవతలి కొమ్ములే మాకు దిక్కు’ అని దుప్పులు నన్ను దూతగా పంపాయి. ఏట్లో దూకి ఈదుకుంటూ వచ్చాను. ఇప్పుడే ఒడ్డెక్కాను!"

అంతే, సభ భగ్గుమంది. కుందేలు మూడడుగులు పైకెగిరింది. అడవికోడి గొంతు చించుకుంది. కొమ్మయ్య ఎండుమానును రెండు చేతులా దబదబా బాదుతూ "యుద్ధం! యుద్ధం!" అని కేకలు పెట్టాడు. కొమ్ములు లేనివాళ్ళకు కొమ్ముల యుద్ధమంటే ఎంత సరదానో ఆ పొద్దున చూడాలి.

బండ కింద మందతో నిలబడ్డ కుర్రదున్న ఉరుమయ్యకు ముక్కుల్లోంచి ఆవిర్లు వచ్చేశాయి. "పెద్దమ్మా, ఎనిమిదిమందిమి సిద్ధంగా ఉన్నాం! పొద్దెక్కేలోగా ఏరు దాటతాం, పొద్దు వాలేలోగా తిరిగొస్తాం. ఊఁ అను చాలు!"

పుల్లమ్మ గుండె కూడా దడదడలాడింది. ఆవిడదీ దున్న నెత్తురే మరి. అయినా ఆ ఊపుని గొంతు దాటి రానివ్వలేదు.

"ఒరే ఉరుమూ, మూడేళ్ళ కిందట తూర్పుగుట్ట ఏనుగుల తగువుకి కూడా ఇలాగే ఇద్దర్ని పంపాం. రెండు వానల్లో తిరిగొస్తారన్నారు. తగువు దేనికొచ్చిందో ఏనుగులే మర్చిపోయాయి. మనవాళ్ళిద్దరూ మాత్రం ఇంకా అక్కడే కాపలా కాస్తున్నారు."

ఆ ఇద్దరిలో ఒకడు ఆవిడ కొడుకు. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

"అది వేరు, ఇది వేరు!" అన్నాడు కొమ్మయ్య.

"ఎప్పుడూ వేరే ఉంటుంది నాయనా. నాకు వచ్చిన లెక్క ఒక్కటే. మేం పెద్దవాళ్ళం పధ్నాలుగుమందిమి, దూడలు తొమ్మిది. ఆపదొస్తే దూడల్ని మధ్యలో పెట్టి, చుట్టూ భుజానికి భుజం తగిలేలా నిలబడతాం. అదే మా కొమ్ముల కంచె. ఎనిమిదిమంది పోతే మిగిలేది ఆరుగురం. ఆరుగురు నిలబడితే అది కంచె కాదు, ద్వారబంధం."

"అంటే దుప్పులు చస్తే చావనీ అంటావా? నీది గుండెనా, బండనా?" అని ఎగిరాడు కొమ్మయ్య.

ఆ మాట పుల్లమ్మకు ముల్లులా దిగింది. "చావమని నేనన్నానా? ఇటు రమ్మనండి! ఈత రాని దుప్పి ఎక్కడైనా ఉందా? కంచె ఇంకాస్త వెడల్పు చేస్తాం, వాళ్ళ పిల్లల్నీ మా దూడల పక్కనే పెట్టుకుంటాం. మా గడ్డి వాళ్ళ గడ్డే. కానీ కొమ్ములు ఇల్లు వదిలి వెళ్తే, అవతల ఎవరి సందు పూడుతుందో నాకు తెలీదు, ఇక్కడ మాత్రం సందు పడుతుంది."

నయగారప్ప రెండు ముందుకాళ్ళూ జోడించాడు. "అక్కయ్యగారూ, మీ మాట బంగారం. కానీ ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. అక్కడ ప్రాణాలు పోతున్నాయి. కుర్రాళ్ళని ఎగువ రేవు నుంచి పంపండి. దిగువ రేవు వద్దు, సుడులున్నాయి."

పెద్దయ్య చేతులెత్తమన్నాడు. కుందేలు రెండు చేతులూ ఎత్తింది. అడవికోడి రెక్కలెత్తింది. ఎత్తనిది పుల్లమ్మ ఒక్కతే.

"సభ ఒప్పుకుంది. అయినా కొమ్ములున్న జాతి ఊఁ అంటేనే కొమ్ములు ఏరు దాటాలి. అదీ మన చట్టం. నెమరు వేసుకో తల్లీ, కాస్త గబగబా వేసుకో" అన్నాడు పెద్దయ్య.

పుల్లమ్మ నమలడం మొదలుపెట్టింది. సభంతా ఆవిడ దవడనే చూస్తోంది. నాలుగు రోజుల కిందట పుట్టిన మనవరాలు, తెల్లకాళ్ళ దూడ, కడుపు కిందికి దూరి అమ్మమ్మను కుమ్ముతోంది. పుల్లమ్మ మనసు మాత్రం అవతలి ఒడ్డునే ఉంది. ఒకవేళ నిజమే అయితే? తను ఇక్కడ నములుతుంటే అక్కడ దుప్పిపిల్లలు కూలిపోతుంటే? ఆ ఊహకే గడ్డి చేదెక్కింది. ఇక ఊఁ అనేద్దామనుకుంది.

అనబోతూ నయగారప్ప వంక చూసింది. వాడు తొందరకొద్దీ తోక అటూ ఇటూ ఆడిస్తున్నాడు. ఆడించినప్పుడల్లా తోకలోంచి తెల్లగా, పొడిగా, జమ్ముగడ్డి దూది గాల్లోకి లేస్తోంది.

పుల్లమ్మ దవడ ఒక్క క్షణం ఆగింది. ఇప్పుడే ఏరు ఈదొచ్చిన నక్కకు తోక ఇంత పొడిగా ఎలా ఉంది? జమ్ము అవతలి ఒడ్డున ఒక్క దుబ్బు కూడా లేదు. ఉన్నదల్లా ఇవతలే, దూడలు మేసే బీడు చివర, దిగువ రేవుకు పోయే దారిలో. దిగువ రేవు వద్దని వీడెందుకన్నాడో ఇప్పుడు అర్థమైంది. రేచుకుక్కలు ఏటికి అవతల లేవు. ఈ జమ్ములోనే పొంచి ఉన్నాయి. ఎనిమిది కొమ్ముల జతలు ఏరు దాటడమే ఆలస్యం!

‘ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాం కదే’ అనుకుంది. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. తీరిగ్గా మింగింది.

"ఊఁ" అంది.

సభ ఎగిరి గంతేసింది. కొమ్మయ్య మాను బాదీ బాదీ అరచేతులు ఊదుకున్నాడు.

"ఎనిమిదిమందే ఎందుకు?" అంది పుల్లమ్మ. "అందరం వెళ్దాం! దూడల్ని మధ్యలో పెట్టుకుని కంచె కంచెగానే నడుద్దాం. దగ్గర దారి కదా, దిగువ రేవు నుంచే పోదాం. మా ఆనవాయితీ ప్రకారం పిలుపు తెచ్చిన దూత ముందు నడవాలి. పద నాయనా నయగారప్పా!"

నక్క మొహం వాడిపోయింది. "అక్కయ్యగారూ, సుడులు..."

"మాకు ఈతొచ్చు."

"నాకు కాలు బెణికింది..."

"ముప్ఫై కుక్కల మధ్య నుంచి ఈదొచ్చిన కాలు నాలుగడుగులు నడవలేదా?"

సభంతా చూస్తోంది. కాదంటే దొరికిపోతాడు. నక్క కాళ్ళీడ్చుకుంటూ ముందు నడిచాడు. వెనకే ఉరుమయ్య కొమ్ములు వాడి వీపుకి జానెడు దూరంలో. పుల్లమ్మ ఉరుమయ్య పక్కకు చేరి చెవిలో ఒక్క మాట ఊదింది. "యుద్ధం ఏటికి అవతల లేదురా. జమ్ములో ఉంది."

ఉరుమయ్య కళ్ళు పత్తికాయలయ్యాయి. తర్వాత ఎర్రబడ్డాయి.

జమ్ముకు పది బారల దూరంలో నక్క నిలబడిపోయాడు. "ఇక నా వల్ల కాదు!" అని వెనక్కి తిరగబోయాడు. ఉరుమయ్య ఒక్క కుమ్ము కుమ్మాడు. నయగారప్ప గిరికీలు కొడుతూ పోయి జమ్ము నడిమధ్యలో, రేచుకుక్కల నాయకుడి నెత్తిన పడ్డాడు.

ఇక చూడాలి! జమ్ము జమ్మంతా లేచింది. దూది మేఘంలా కమ్మింది. ముప్ఫై కుక్కలు ఒక్కసారిగా బయటికి దూకాయి. దూకి చూస్తే ఎదురుగా ఆరు కొమ్ముల జతలు కాదు, పధ్నాలుగు! ఎక్కడా సందు లేదు. దూడలు మధ్యలో, భుజానికి భుజం, నేల అదిరేలా దడదడమని ముందుకొస్తోంది కంచె. మూడు కుక్కలు తెగించి తెల్లకాళ్ళ దూడ వైపు ఉరికాయి. పుల్లమ్మ తల వంచింది, ఎత్తింది. మొదటిది పోయి ఏట్లో పడింది. రెండోది, మూడోది తమంతట తామే దూకేశాయి.

"ఓరి నక్కా! దున్నలు ఏరు దాటాక కూత పెడతానన్నావు. మందనంతా మా నెత్తి మీదికే తోలుకొచ్చావా!" అని కుక్కల నాయకుడు పారిపోతూనే నయగారప్ప తోక అందుకోబోయాడు. నక్క కుయ్యోమంటూ గవ్వలేట్లోకి దూకాడు.

ఒడ్డున నిలబడి పుల్లమ్మ రొప్పుతూ చూసింది. "ఇదిగో, ఇప్పుడు తడిసింది తోక" అంది.

అవతలి రేవులో దుప్పులు తీరిగ్గా నీళ్ళు తాగుతున్నాయి. "ఏంటి పుల్లమ్మొదినా ఆ గోల? ఎవరి పెళ్ళి?" అని కేకేసి అడిగాయి. కొమ్మయ్య వాచిన అరచేతుల్ని సిగ్గుతో వెనక దాచుకున్నాడు.

"పెద్దమ్మా, దుప్పులు నిజంగానే ఆపదలో ఉండుంటే?" అని అడిగాడు ఉరుమయ్య.

"అప్పుడూ నెమరేసేదాన్నే. వేశాక నిజమని తేలితే అందరికంటే ముందు నేనే ఏట్లో దిగేదాన్ని."

మర్నాడు సభలో మొదటి తీర్మానం పెద్దయ్యే పెట్టాడు. ఆయన నిజంగా మేలుకున్నట్టు ఆ రోజే తెలిసింది. "తూర్పుగుట్ట మీద ఉన్న మన ఇద్దర్నీ ఇంటికి పిలిపించాలి. పుల్లమ్మా, నెమరు వేసుకుని చెప్పు."

"ఊఁ" అంది పుల్లమ్మ, ఆ మాట పూర్తవకముందే.

సభ నోరు వెళ్ళబెట్టింది. "నెమరు వెయ్యకుండానే?" అన్నాడు కొమ్మయ్య.

"మూడేళ్ళుగా వేస్తూనే ఉన్నాను నాయనా" అంది పుల్లమ్మ.

నెమరు వెయ్యని ఊఁ, రేచుకుక్కకు తెరిచిన గుమ్మం.